విశ్వకిరణాల పుట్టినిల్లు: కోలారు గనుల నుండి హంస మండలం దాకా



మన బళ్లారి సీమలో చదువుకొనే పిల్లలకు శాస్త్ర పదాలు తరచుగా రెండేసి పేర్లతో ఎదురవుతాయి. వేగం పెరగడాన్ని కన్నడ పుస్తకం 'వేగోత్కర్ష' అంటే, తెలుగు పుస్తకం 'త్వరణం' అంటుంది. 'విశ్వకిరణం' విషయంలో మాత్రం ఆ ఇబ్బంది లేదు. రెండు భాషలలోను అదే మాట. చిక్కల్లా ఆ మాటలోనే ఉన్నది. విశ్వకిరణాలు నిజానికి కిరణాలు కావు. అవి పదార్థపు తునకలు. అందులో అత్యధిక భాగం ప్రోటాన్లు, అనగా హైడ్రోజన్ పరమాణువుల కేంద్రకాలు. కొంత హీలియం, మరికొంత ఇనుము మొదలైన బరువైన మూలకాల కేంద్రకాలు. ఇవి దాదాపు కాంతివేగంతో అంతరిక్షం నుండి వచ్చి మన వాతావరణాన్ని నిరంతరం తాకుతుంటాయి. ఆ తాకిడికి పైన పుట్టిన మ్యూయాన్లు అనే కణాలు, మీరు ఈ వ్యాసం చదువుతున్నంత సేపూ మీ అరచేతి గుండా సుమారు సెకనుకు ఒకటి చొప్పున దూసుకొనిపోతూనే ఉంటాయి.

ఈ కణాలకు అంతటి వేగం ఎక్కడ లభించింది? చాలాకాలంగా దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పుకొంటూ వచ్చాము: పేలిపోయే నక్షత్రాలు, అనగా సూపర్‌నోవాలు. ఆ జవాబు తప్పు కాదు. కాని గత పదిహేనేళ్లలో దాని ప్రక్కన మరొక జవాబు వచ్చి నిలిచింది. అది యౌవనంలో ఉన్న నక్షత్రగుచ్ఛాలు. ఆ జవాబు దాకా నడిచిన దారిలో బెంగళూరు, కోలారు గనులు, హైదరాబాదు కూడా ఉన్నాయి. ఆ చరిత్రను మన పిల్లలకు మన భాషలో చెప్పుకోవలసిన అవసరం ఉన్నదని నా మనవి.

ముందుగా ఆ పేరు ఎలా వచ్చిందో చూద్దాము. 1912లో ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్, గాలిలోని విద్యుదావేశాన్ని కొలిచే పరికరాలతో బెలూనులో పలుమార్లు పైకి వెళ్లాడు. వాటిలో ఆగస్టు 7న జరిగిన ప్రయాణంలో 5 కిలోమీటర్లు దాటిన ఎత్తుకు చేరాడు. వికిరణం నేల నుండి వస్తున్నదనుకొంటే పైకి పోయినకొద్దీ తగ్గాలి కదా! అది పెరిగింది. అదే సంవత్సరం ఏప్రిల్ 17న సూర్యగ్రహణ సమయంలో కూడా హెస్ పైకి వెళ్లి కొలిచాడు. సూర్యుడు మరుగుపడినా వికిరణం తగ్గలేదు. కనుక అది నేలదీ కాదు, ముఖ్యంగా సూర్యుడిదీ కాదు. ఈ కృషికి 1936లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

1925లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ మిలికన్ దీనికి 'కాస్మిక్ కిరణాలు' అని పేరు పెట్టాడు. ఇవి గామా కిరణాల వంటి కాంతి స్వరూపాలేనని ఆయన దృఢమైన నమ్మకం. అయితే కాంతిని అయస్కాంతం వంచలేదు. విద్యుదావేశం గల కణాన్ని వంచుతుంది. భూమి స్వయంగా ఒక పెద్ద అయస్కాంతం కాబట్టి పరీక్ష సులభం. 1927లో డచ్చి శాస్త్రవేత్త జాకబ్ క్లే ఓడలో జావా, యూరపుల మధ్య ప్రయాణిస్తూ, భూమధ్యరేఖ దగ్గర ఈ వికిరణం తక్కువగా ఉన్నట్లు గమనించాడు. 1932లో ఆర్థర్ కాంప్టన్ బృందాలు ప్రపంచంలో అనేక చోట్ల కొలిచి దానిని ధ్రువపరిచాయి. వచ్చేవి ఆవేశం గల కణాలని తేలిపోయింది. కాని అప్పటికే పేరు స్థిరపడింది. మనమూ ఆ పేరునే అనువదించుకొన్నాము.

ఇక్కడే దక్షిణ భారతదేశం ఈ కథలోకి వస్తుంది. మన ప్రాంతం భూ అయస్కాంత మధ్యరేఖకు సమీపాన ఉన్నది. అందువలన తక్కువ శక్తి గల కణాలను భూమి ఇక్కడికి రానివ్వదు. ఉదాహరణకు హైదరాబాదు పైకి నిటారుగా చేరాలంటే ప్రోటాన్‌కు సుమారు 1,700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. తక్కువ శక్తి కణాలను భూమే జల్లించి వేస్తుంది కనుక, అధిక శక్తి కణాలను పరిశీలించేవారికి ఈ నేల చాలా అనువైనది. 1939-40 శీతకాలంలో మిలికన్ తన సహచరులతో భారతదేశానికి వచ్చి బెంగళూరు, ఆగ్రా, పెషావరుల నుండి బెలూన్లు ఎగురవేయడానికి కారణం ఇదే.

అదే కాలంలో హోమీ భాభా సెలవులకు ఇంగ్లండు నుండి స్వదేశం వచ్చి, యుద్ధం వలన తిరిగి వెళ్లలేక బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరాడు. అప్పటికి అక్కడ సి.వి. రామన్ ఉన్నారు. భాభా అక్కడే విశ్వకిరణ పరిశోధన విభాగాన్ని నెలకొల్పాడు. విక్రమ్ సారాభాయి సైతం ఆ సంస్థలోనే విశ్వకిరణాలపై పరిశోధన ఆరంభించాడు. 1945లో టాటా మౌలిక పరిశోధన సంస్థ బెంగళూరులోనే పుట్టి, ఆ ఏడే బొంబాయికి తరలివెళ్లింది. ఈనాడు మనం అణుశక్తి, అంతరిక్షం అని గొప్పగా చెప్పుకొనే రెండు పెద్ద కార్యక్రమాల స్థాపకులిద్దరూ విశ్వకిరణాల విద్యార్థులే అన్న సంగతి మన పిల్లలకు చెప్పదగినది.

బెంగళూరుకు తూర్పున కోలారు బంగారు గనులు ఉన్నాయి. తమిళం, తెలుగు, కన్నడం కలిసి వినిపించే ఊరు అది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లగా మన బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ మైసూరు రాష్ట్రంలోనే, అంతకు రెండేళ్ల ముందు, 1951లో బి.వి. శ్రీకంఠన్ అనే యువ శాస్త్రవేత్త పరికరాలతో కోలారు గనులలోకి దిగాడు. ఆయన నంజనగూడులో పుట్టినవాడు. తరువాత టాటా సంస్థకు అధిపతి అయ్యాడు. ఆకాశం నుండి వచ్చేవాటిని కొలవడానికి పాతాళానికి ఎందుకు పోవాలి? లోతుకు పోయినకొద్దీ పైనున్న రాయి బలహీనమైన మ్యూయాన్లను ఆపివేస్తుంది. ఎంత లోతున ఎన్ని మిగిలాయో లెక్కపెడితే, పైన వాతావరణాన్ని తాకిన కణాల శక్తి ఎట్లా ఉన్నదో ఊహించవచ్చు.

1965లో అదే గనిలో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, విశ్వకిరణాలు వాతావరణంలో పుట్టించే న్యూట్రినోలు మొదటిసారిగా దొరికాయి. అదే సంవత్సరం దక్షిణాఫ్రికా గనిలో మరొక బృందం కూడా వాటిని కనుగొన్నది. కోలారు పత్రంలో టాటా సంస్థ, జపానులోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయాల వారి పేర్లు ఉన్నాయి. శ్రీకంఠన్, మేనన్, మియాకె, వుల్ఫెండేల్ అన్న పేర్ల నడుమ పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం అనే, మన చెవికి పరిచయమైన పేర్లు కూడా కనిపిస్తాయి. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. మన పిల్లలు కోలారు పేరు వింటే బంగారాన్ని మాత్రమే తలచుకొంటారు. తప్పు వారిది కాదు, మనం చెప్పలేదు.

హైదరాబాదు సంగతి కూడా చెప్పాలి. టాటా సంస్థవారు 1969లో అక్కడ శాశ్వతమైన బెలూను కేంద్రాన్ని స్థాపించారు. భారీ ప్లాస్టిక్ బెలూన్లు పరికరాలను వాతావరణపు పైపొరల దాకా మోసుకొనిపోయేవి. నేలను చేరే మ్యూయాన్లను గాక, గాలిని తాకక ముందున్న అసలు కణాలను అక్కడ పట్టుకోవచ్చు.

ఇంత చేసినా ఒక ప్రశ్న మిగిలింది. ఇవి ఎక్కడి నుండి వస్తున్నాయి? ఆవేశం గల కణం పాలపుంతలోని అయస్కాంత క్షేత్రాలలో మెలికలు తిరుగుతూ, లక్షల సంవత్సరాలు తిరుగాడి వస్తుంది. అది వచ్చిన దిక్కుకు, పుట్టిన దిక్కుకు సంబంధం ఉండదు. చిరునామా చెరిగిపోయిన ఉత్తరం వంటిది.

దిక్కు తెలియకపోయినా ఊహలు ఆగలేదు. 1934లో వాల్టర్ బాడే, ఫ్రిట్జ్ జ్వికీ సూపర్‌నోవాల పేరు చెప్పారు. 1949లో ఎన్రికో ఫెర్మి, కదిలే అయస్కాంత మేఘాలను పదేపదే ఢీకొని కణాలు శక్తిని పొందుతాయని ప్రతిపాదించాడు. 1977-78లో క్రిమ్‌స్కీ, బెల్, బ్లాండ్‌ఫోర్డ్, ఆస్ట్రైకర్ మొదలైనవారు దానిని మెరుగుపరచి, ఆఘాత తరంగాల దగ్గర ఇది ఎంతో సమర్థంగా జరుగుతుందని చూపారు. ధ్వని కంటె వేగంగా దూసుకొనివచ్చే వాయువు, ముందున్న వాయువును ఒక్కసారిగా అణచివేసినప్పుడు ఏర్పడే అంచును ఆఘాత తరంగం అంటాము.

తరగతిలో దీనిని ఇలా చెప్పవచ్చు. నిలిచి ఉన్న గోడకు బంతిని కొడితే, వెళ్లిన వేగంతోనే తిరిగి వస్తుంది. గోడే మనవైపు వస్తున్నదనుకోండి. బంతి ఎక్కువ వేగంతో తిరిగివస్తుంది. ఎదురెదురుగా దగ్గరపడుతున్న రెండు గోడల మధ్య బంతి చిక్కితే, ప్రతి దెబ్బకూ వేగం పెరుగుతూ పోతుంది. ఆఘాత తరంగానికి ఇరువైపులా ఉన్న అల్లకల్లోలమైన అయస్కాంత క్షేత్రాలే ఆ గోడలు. కణం అటూ ఇటూ దాటిన ప్రతిసారీ దాని శక్తి కొద్దిగా పెరుగుతుంది. అయితే ప్రతి విడతలోనూ కొన్ని కణాలు తప్పించుకొని పోతాయి. ప్రతి తరగతి తరువాత కొందరు పిల్లలు బడి మానివేస్తే పై చదువులకు చేరేవారు కొందరే అయినట్లు, అత్యధిక శక్తిని చేరే కణాలు బహు స్వల్పం. విశ్వకిరణాలలో శక్తి పెరిగినకొద్దీ సంఖ్య క్రమంగా పడిపోవడానికి కారణం ఇదే.

సూపర్‌నోవా పేలుడులో ఇటువంటి బలమైన తరంగం పుడుతుంది. పేలుళ్ల శక్తిలో సుమారు పదోవంతు కణాలకు అందితే చాలు, పాలపుంతలోని విశ్వకిరణాలన్నిటికీ లెక్క సరిపోతుంది. 2013లో ఫెర్మి ఉపగ్రహం రెండు సూపర్‌నోవా అవశేషాలలో ప్రోటాన్లు నిజంగానే త్వరణం పొందుతున్నట్లు నిదర్శనం చూపింది. అయినా రెండు చిక్కులు మిగిలాయి.

మొదటిది శక్తికి సంబంధించినది. పాలపుంతలోని విశ్వకిరణాలు 3 ప్రక్కన 15 సున్నలు పెడితే వచ్చినన్ని ఎలక్ట్రాన్ వోల్టుల దాకా, ఇంకా పైదాకా కనిపిస్తాయి. జెనీవా దగ్గరి మహాయంత్రం ఒక ప్రోటాన్‌కు ఇవ్వగలిగిన శక్తికి అది నాలుగు వందల రెట్లకు మించినది. ఎక్కువ శక్తి కావాలంటే తరంగం వేగంగా ఉండాలి, విశాలంగా ఉండాలి, ఎక్కువకాలం నిలవాలి. సూపర్‌నోవా తరంగం మొదటి కొద్ది వందల ఏళ్లు మాత్రమే అతివేగంగా ఉండి క్రమంగా మందగిస్తుంది. మనం చూడగలిగిన అవశేషాలలో అంతటి శక్తికి స్పష్టమైన ఆనవాలు దొరకలేదు.

రెండవది నియాన్‌కు సంబంధించినది. నియాన్ వాయువులో 20, 22 అని రెండు ముఖ్యమైన ఐసోటోపులు ఉన్నాయి. సౌరకుటుంబంలో 22వ రకం 20వ రకంతో పోలిస్తే ఎంత ఉన్నదో, విశ్వకిరణాలలో ఆ నిష్పత్తి దానికి సుమారు అయిదు రెట్లు ఉన్నది. ఈ 22వ రకం నియాన్, భారీ నక్షత్రాలు తమ చివరి దశలలో వెదజల్లే గాలులలో సమృద్ధిగా ఉంటుంది. అంటే విశ్వకిరణాలలో కొంత భాగం ఆ గాలుల నుండే వచ్చి ఉండాలి.

ఇప్పుడు నక్షత్రగుచ్ఛాల వద్దకు వద్దాము. మన పల్లెలలో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు ఒక నక్షత్రగుచ్ఛమే. కాని వాటి వయస్సు సుమారు 10 కోట్ల సంవత్సరాలు. అత్యంత భారీ నక్షత్రాలు అంతకాలం బ్రతకవు. కొన్ని 30-40 లక్షల ఏళ్లకే పేలిపోతాయి. కనుక కృత్తికలలో అటువంటివి ఇప్పుడు లేవు. కొద్ది పదుల లక్షల సంవత్సరాలకు మించని వయస్సు గల గుచ్ఛాలలోనే అవి గుంపుగా ఉంటాయి. ఒక్కొక్కటి సెకనుకు 2,000 కిలోమీటర్లకు పైగా వేగంతో తన పైపొరలను గాలిగా ఊదివేస్తుంది. కన్యాకుమారి నుండి ఢిల్లీకి దాదాపు ఒక్క సెకనులో చేరే వేగం అది. ఇరుకైన చోట ఇటువంటివి పదులకొద్దీ ఉంటే, ఆ గాలులన్నీ కలిసి చుట్టూ ఉన్న వాయువును నెట్టి ఒక మహా బుడగను ఏర్పరుస్తాయి. ఆ ఉమ్మడి గాలి ఆగిపోయే చోట విశాలమైన ఆఘాత తరంగం నిలుస్తుంది. సూపర్‌నోవా తరంగం త్వరగా నీరసిస్తుంది. ఇది లక్షల ఏళ్లు ఆగకుండా పనిచేస్తుంది. గుచ్ఛంలోని నక్షత్రాలు ఒకటొకటిగా పేలినప్పుడు ఆ పేలుళ్లు కూడా ఆ బుడగలోపలే జరిగి దానికి మరింత బలాన్నిస్తాయి.

నక్షత్రాల గాలులు కణాలకు త్వరణం కలిగించగలవన్న ఆలోచన 1980ల ప్రారంభం నుండే ఉన్నది. 1983లో సెజార్స్కీ, మోంమెర్ల్ అనే ఫ్రాన్సు శాస్త్రవేత్తలు దానిని వివరంగా చర్చించారు. కావలసింది ప్రత్యక్ష సాక్ష్యం. చిరునామా చెరిగిపోయిన కణాల ఇంటిని కనుగొనడం ఎలా? దీనికి దారి చూపినవి నిజమైన కిరణాలే. త్వరణం పొందిన ప్రోటాన్లు దగ్గరి వాయువును ఢీకొన్నప్పుడు గామా కిరణాలు పుడతాయి. అవి కాంతి కనుక వంగవు. తిన్నగా వచ్చి పుట్టినచోటును చూపుతాయి. విశ్వకిరణాలు గామా కిరణాలేనని మిలికన్ పొరబడ్డాడు; ఆ గామా కిరణాలే చివరకు విశ్వకిరణాల ఇంటి దారి చూపాయి.

కోలారు పత్రంలో కనిపించిన రమణమూర్తి, శ్రీకంఠన్ మొదలైనవారు తరువాత ఊటీలో గామా కిరణాల అన్వేషణకు పూనుకొన్నారు. గామా కిరణం గాలిని తాకినప్పుడు క్షణకాలం మెరిసే నీలికాంతిని అద్దాలతో పట్టే పద్ధతి అది. రమణమూర్తి, వుల్ఫెండేల్‌తో కలిసి రాసిన గామా కిరణ ఖగోళశాస్త్ర గ్రంథాన్ని 1986లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ప్రచురించింది.

2011లో ఫెర్మి ఉపగ్రహం హంస మండలం దిశలో, భారీ నక్షత్రాల గుంపు చుట్టూ, గామా కాంతితో నిండిన ఒక గూడును కనుగొన్నది. 2021లో చైనాలోని లాసో పరిశోధనశాల అదే దిశ నుండి 1.4 పక్కన 15 దశాంశ స్థానాలు జరిపినంత, అనగా 1,400 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల కాంతికణాన్ని పట్టుకొన్నది. సాధారణంగా ఇటువంటి కాంతికణం శక్తి, దానిని పుట్టించిన ప్రోటాన్ శక్తిలో పదోవంతు. 2024లో అదే పరిశోధనశాల అక్కడ ఒక మహా బుడగ ఉన్నట్లు ప్రకటించింది. 2022లో నమీబియాలోని హెస్ దుర్భిణులు వెస్టర్‌లండ్ 1 అనే గుచ్ఛం చుట్టూ గామా కాంతి వలయాన్ని చూపాయి. గాలి ఆగే చోటు ఉంటుందని సిద్ధాంతం చెప్పిన దూరంలోనే ఆ వలయం ఉండడం గమనించదగినది.

2020లో బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ, భారతీయ విజ్ఞాన సంస్థలకు చెందిన సిద్ధార్థ గుప్త, బిమన్ నాథ్, ప్రతీక్ శర్మ, ఇజ్రాయెల్‌కు చెందిన డేవిడ్ ఐక్లర్‌తో కలిసి గుచ్ఛాల గాలులను, పేలుళ్లను కంప్యూటరు లెక్కలతో పరిశీలించారు. గాలి ఆగే తరంగం వద్ద త్వరణం జరిగితే నియాన్ చిక్కు విడుతుందని చూపారు. భాభా విశ్వకిరణాలను చేపట్టిన నగరంలో, ఎనభై ఏళ్ల తరువాత జరిగిన పని ఇది. లడఖ్‌లోని హాన్లేలో 2024 అక్టోబరు 4న ఆరంభమైన మేస్ అనే 21 మీటర్ల గామా దుర్భిణిని భాభా అణు పరిశోధన కేంద్రం కోసం తయారుచేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ సంస్థ.

కథ ఇంతటితో ముగియలేదు. హంస మండలం దిశలోనే సిగ్నస్ ఎక్స్-3 వంటి ఇతర శక్తిమంతమైన వస్తువులు కూడా ఉన్నాయి. నక్షత్రాన్ని మింగుతూ కణాలను చిమ్మే కృష్ణబిలాలకు కూడా ఇందులో వాటా ఉండవచ్చునని ఇటీవలి పరిశీలనలు సూచిస్తున్నాయి. సూపర్‌నోవాలది ఎంత, గుచ్ఛాలది ఎంత అన్న లెక్క ఇంకా తేలవలసి ఉన్నది.

ఉపాధ్యాయ మిత్రులారా, అందుకే నా విన్నపం. 'విశ్వకిరణాల మూలం ఏది?' అన్న ప్రశ్నకు ఖాళీ పూరించే ఒక్క మాటను జవాబుగా రాయించకండి. 1912, 1932, 1934, 1965, 2011 అని నల్లబల్ల మీద వరుసగా వేసి, ఏ సంవత్సరంలో ఏమి తెలిసిందో, ఏ నమ్మకం సడలిందో చెప్పండి. చివర ఒక వరుసను ఖాళీగా ఉంచండి. 'విశ్వకిరణం' అన్న మాటను మార్చనక్కరలేదు; అది ఎందుకు సరికాదో పిల్లలకు తెలిస్తే చాలు. ఇదంతా తెలుగులో చెప్పడానికి మాటలు చాలవేమో అన్న సందేహం ఉన్నవారు ఒకసారి చెప్పి చూడండి. త్వరణం, ఆఘాతం, గుచ్ఛం, బుడగ, గాలి: ఇంతకు మించి కష్టమైన మాట నాకు ఈ కథలో అవసరం కాలేదు.

తల్లిదండ్రులకు ఒక చిన్న పని. అక్టోబరు నెలలో చీకటి పడ్డాక ఉత్తరం వైపు, ఆకాశంలో ఎత్తున, రెక్కలు చాచిన హంస కనిపిస్తుంది. అందులో ప్రకాశవంతమైన చుక్క డెనెబ్. కార్తీక మాసం వచ్చేసరికి తూర్పున పిల్లలకోడి పొడుస్తుంది. రెండింటినీ పిల్లలకు చూపి, ఏ దిక్కు నుండి గామా కిరణాలు వచ్చాయో, పిల్లలకోడి నుండి ఎందుకు రావో వారినే అడగండి. ఇంటిలో ఏ భాష మాట్లాడితే ఆ భాషలోనే అడగండి.

సెలవు.